ఓడకొచ్చే క్రిస్మస్ సంచి: టోపీకి ఐదు స్టార్లు, మఫ్లర్‌కి రెండు

నేను కంటైనర్ ఓడల మీద ఎలక్ట్రికల్ ఆఫీసర్‌ని. ఇండియన్ సిబ్బంది ఉన్న ఓడల్లో మమ్మల్ని బత్తీ సాబ్ అంటారు. డిసెంబరులో పోర్టుకి వెళ్తే అక్కడి నావికుల సేవా సంస్థలు ఓడలో ఉన్న ప్రతి మనిషికీ ఒక్కో క్రిస్మస్ సంచి తెచ్చి ఇస్తాయి. ఈ రివ్యూ ఆ సంచుల గురించి. ముఖ్యంగా న్యూయార్క్ పక్కన ఉండే పోర్ట్ నెవార్క్‌లో సీమెన్స్ చర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇచ్చేదాని గురించి.

ఉచితంగా ఇచ్చినదానికి రివ్యూ ఏమిటని అడగొచ్చు. ఉచితం కాబట్టే ఎవరూ అసలు సంగతి చెప్పరు. అందరం గ్రూప్ ఫోటో దిగి, థ్యాంక్యూ అని రాసి పంపేస్తాం. ఎక్కడో కూర్చుని ఆ టోపీ అల్లిన మనిషికి దాన్ని ఎవరు పెట్టుకున్నారో, అసలు పెట్టుకున్నారో లేదో తెలిసే దారి లేదు.

నెవార్క్ సంచిలో అసలు వస్తువు చేత్తో అల్లిన ఊలు టోపీ. మిగతావి పెదవులకి రాసుకునే బామ్, చేతుల క్రీమ్, చాక్లెట్లు, ఒక ఉత్తరం లాంటివి. ఈ సంస్థ 1834లో మొదలైంది. ‘క్రిస్మస్ ఎట్ సీ’ పేరుతో నావికుల కోసం ఊలు బట్టలు అల్లించి పంచడం 1898 నుంచి చేస్తున్నారు. అల్లేవాళ్ళంతా వాలంటీర్లు. సముద్రంలో తిరిగే మాకే కాదు, మిసిసిపీ, ఒహాయో నదుల మీద బార్జీలు తోసే టోబోట్ల వాళ్ళకి కూడా ఇస్తారట. 1898 అనే పేరుతోనే ఒక టోపీ నమూనా ఉంది. చెవుల మీద అంచు లోపలికి మడిచి రెండు పొరలుగా వస్తుంది. నాకు దొరికింది అదే.

ఆ రెండు పొరలు ఎందుకంత గొప్పో చెప్పాలంటే నా పని చెప్పాలి. ఓడలో నా టైమ్ చాలావరకు రీఫర్లకే పోతుంది. రీఫర్లంటే కరెంటుతో నడిచే శీతల కంటైనర్లు. ఒకదాన్లో మైనస్ 18 దగ్గర గడ్డకట్టిన మాంసం, పక్కదాన్లో సున్నాకి కాస్త పైన ఆపిల్ పళ్ళు. పొద్దున ఒక రౌండు, సాయంత్రం ఒక రౌండు వేసి అన్నిటి టెంపరేచర్లు చూడాలి. డిసెంబరులో ఉత్తర అట్లాంటిక్ మీద కంటైనర్ల వరసల మధ్య గాలి ఈల వేసుకుంటూ వస్తుంది. కంటైనర్ల మధ్య ఉండే ఎత్తైన ఇనప వంతెన, లాషింగ్ బ్రిడ్జి ఎక్కి, చేతిలో టార్చి పట్టుకుని డిస్‌ప్లే చదువుతుంటే ముందు పోయేవి చెవులే. నెత్తిన హెల్మెట్ తప్పనిసరి. షాపులో కొన్న మందపాటి టోపీ లోపల వేసుకుంటే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, గడ్డం కింద పట్టీ బిగించినా పక్కకి జారుతుంది. ఈ అల్లిక టోపీ పైన పల్చగా, చెవుల దగ్గర మందంగా ఉంటుంది. హెల్మెట్ సరిగ్గా కూర్చుంటుంది, చెవులు మూసుకుంటాయి. ఓడ వాషింగ్ మెషిన్‌లో పనిలో వేసుకునే బాయిలర్ సూట్లతో కలిపి ఉతికినా కుంచించుకుపోలేదు. దీనికి ఐదు స్టార్లు తక్కువే.

ఇచ్చే పద్ధతి కూడా బాగుంటుంది. కంటైనర్ ఓడ పోర్టులో ఉండేదే ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి అదీ ఉండదు. సంస్థ మనిషి హెల్మెట్, మెరిసే జాకెట్ వేసుకుని సంచులు మోసుకుంటూ గ్యాంగ్‌వే, అంటే ఓడ మెట్లదారి, ఎక్కి వస్తారు. ఎక్స్‌పోర్ట్ స్ట్రీట్‌లో వాళ్ళ సెంటర్ ఉంది, వ్యాన్‌లో తీసుకెళ్తారు, డబ్బు తీసుకోరు. వీసా ఉన్నవాడు వెళ్తాడు. అమెరికాలో నావికుడు ఒడ్డున కాలు పెట్టాలంటే డి వీసా ఉండాలి. అది లేని ఫిట్టర్ మాతో ఉండేవాడు, గ్యాంగ్‌వే దాటడానికి లేదు. అతని దగ్గరికే వచ్చి కూర్చుని కబుర్లు చెప్పి వెళ్ళారు. ఏ మతమని ఎవరూ అడగలేదు. నేను క్రిస్టియన్‌ని కాదు, నాకూ సంచి వచ్చింది.

మా కెప్టెన్ మాత్రం సంచులు షిప్ ఆఫీసులో పెట్టి తాళం వేశాడు. ఇరవై ఐదో తారీఖు దాకా ఎవరూ ముట్టుకోకూడదని ఆర్డరు. చలి పెట్టేదేమో ఇప్పుడు, టోపీ ఇచ్చేదేమో క్రిస్మస్‌కి! కెప్టెన్లకి నా విన్నపం: టోపీ ముందే ఇచ్చేయండి సర్, చాక్లెట్లు దాచుకోండి.

ఇక దీపాల సంగతి. వేరే దేశంలో ఒక పోర్టులో, పేరు చెప్పను, సంచిలో ప్లగ్గు పెట్టుకునే రంగు దీపాల తోరణం ఇచ్చారు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళకి సెప్టెంబరు వచ్చిందంటే క్రిస్మస్ వచ్చేసినట్టే. భోజనాలు వడ్డించే మెస్‌మ్యాన్ ఖాళీ వాటర్ బాటిళ్ళు కోసి పరోల్, అంటే వాళ్ళ క్రిస్మస్ నక్షత్రం, చేశాడు, దాని చుట్టూ దీపాలు చుట్టాడు. ఓడలో వైరింగ్ ఇంట్లో లాంటిది కాదు. సరఫరా తీగ ఏదీ ఓడ బాడీకి కలిపి ఉండదు. ఎక్కడైనా తడి తగిలి కరెంటు బాడీలోకి లీకైతే దీపాలు ఆరవు, కంట్రోల్ రూమ్‌లో ఎర్త్ ఫాల్ట్ అలారం వస్తుంది. దాంతో నాకు టెన్షన్ మొదలు. ఒక్కొక్క బ్రేకరూ ఆపుతూ ఆ లీకు ఎక్కడుందో వెతుక్కుంటూ పోవాలి. క్రిస్మస్ పొద్దున గ్యాలీలో (ఓడ వంటగదిలో) చీఫ్ కుక్ వంట మధ్యలో ఉండగా లైట్లు ఆపితే ఏమవుతుందో ఊహించుకోండి. చివరికి దొరికింది ఆ తోరణమే. థర్డ్ ఇంజినీర్ నవ్వుతూ, “బత్తీ సాబ్, మీ క్రిస్మస్ గిఫ్ట్ మీకే పేలింది” అన్నాడు.

అమెరికాలో కొన్న తోరణమైతే ఇంకో కథ. అది 110 వోల్టులది, మా సాకెట్లలో ఉండేది 220. దీపాలు ఇవ్వదలిస్తే బ్యాటరీవి ఇవ్వండి. నడిచే ఓడకి బయటి వైపు ఎలాగూ కట్టకూడదు. సముద్రంలో ఢీకొనకుండా ఉండే అంతర్జాతీయ నిబంధనల్లో 20వ రూల్ ప్రకారం, చీకటి పడ్డాక నావిగేషన్ దీపాలని పొరబడే దీపంగానీ, వాచ్‌లో, అంటే కాపలా డ్యూటీలో, ఉన్నవాడి చూపుకి అడ్డొచ్చేదిగానీ వెలిగించకూడదు. అందుకే మా దీపాలన్నీ కర్టెన్ల వెనకాలే.

చాక్లెట్లకి మూడు స్టార్లు. ఓడలో తీపికి లోటుండదు. క్రిస్మస్‌కైతే వెనక డెక్ మీద సగానికి కోసిన డ్రమ్ములో పంది కాలుస్తారు, కేకులుంటాయి, కారియోకీ అర్ధరాత్రి దాటినా ఆగదు. వాచ్ ఉన్నవాడు ప్లేటు పట్టుకుని బ్రిడ్జికో ఇంజిన్ రూమ్‌కో పోతాడు.

సిమ్ కార్డులు ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. ఒకప్పుడు వాటికి విలువ బంగారం. శాటిలైట్ ఫోన్ దగ్గర కార్డు గీసుకుని వరసలో నిలబడి, ఇంట్లో హలో అనేలోపే సగం బ్యాలెన్స్ పోయే రోజులవి. ఇప్పుడు చాలా ఓడల్లో వైఫై వచ్చేసింది. ఓడలో ఇంటర్నెట్ ఇవ్వాలన్న మాట ఎంఎల్‌సీ (నావికుల పని హక్కుల అంతర్జాతీయ ఒప్పందం)లోకి చేర్చిన సవరణలు 2024 డిసెంబరు 23న, సరిగ్గా క్రిస్మస్‌కి ముందు, అమల్లోకి వచ్చాయి. మంచిదే. కానీ ఇదివరకు మెస్ రూమ్‌లో ఉండే గోల కాస్త తగ్గింది. అందరూ క్యాబిన్లలో ఇంటితో వీడియో కాల్‌లో ఉంటున్నారు. నేనూ అంతే.

ఉత్తరానికి స్టార్లు ఇవ్వను, అది కొలిచేది కాదు. చేత్తో నాలుగు లైన్లు రాసి, సంతకం చేసి పెడతారు. మా బోసన్ (డెక్ పనివాళ్ళ మేస్త్రీ) వాటిని క్యాబిన్ తలుపు లోపలి వైపు అంటించుకుంటాడు, కాంట్రాక్ట్ అయ్యాక తీసుకెళ్ళిపోతాడు.

అల్లేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. కొన్ని పోర్టుల్లో సంచిలో పొడుగాటి మఫ్లర్ వస్తుంది. అందంగా ఉంటుంది, కానీ ఇంజిన్ రూమ్‌లో తిరిగే షాఫ్టులు, పంపుల దగ్గర మెడ నుంచి వేలాడేది ఏదైనా ప్రమాదమే. సేఫ్టీ మీటింగ్‌లో మొదట చెప్పేది అదే. అందుకే రెండు స్టార్లు. దాని బదులు మెడకి గొట్టంలా పట్టే చిన్నది అల్లండి, దాన్ని మెడ నుంచి తీయనే తీయం. టోపీ మీద ఊలు బంతి పెట్టకండి, హెల్మెట్ పట్టదు. సైజు కాస్త పెద్దదే మంచిది. రంగు నలుపో, ముదురు నీలమో అయితే చాలు. తెలుపు మాత్రం వద్దు, మా చేతులకి ఎప్పుడూ గ్రీజే.