అడ్రినల్ కణితి అనుమానం: రక్త పరీక్షా, 24 గంటల మూత్ర పరీక్షా, నేరుగా స్కానా?

కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో పుట్టే ఫియోక్రోమోసైటోమా కణితి అడ్రినలిన్ వంటి హార్మోన్లను విపరీతంగా వదులుతుంది. తలనొప్పి, చెమటలు, గుండెదడ, హై బీపీ కలిసి వస్తే డాక్టర్‌కు వెంటనే అనుమానం వస్తుంది. అలా రాని వాళ్లదే అసలు కష్టం. బీపీ మామూలుగా ఉండి, పానిక్ అటాక్స్ అనుకుని ఏళ్ల తరబడి మందులు వాడేవాళ్లున్నారు. కొందరికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. కొందరు అచ్చం గుండెపోటులా ఛాతీ నొప్పితో వస్తారు, యాంజియోగ్రామ్‌లో మాత్రం అడ్డంకి కనబడదు. కొత్తగా వచ్చిన షుగర్, మొండి మలబద్ధకం వెనక కూడా ఈ కణితి ఉండవచ్చు.

ఇలాంటప్పుడు మొదట స్కాన్ తీయించడం నాకు సరిగా అనిపించదు. ఏ హాని చేయని అడ్రినల్ గడ్డలు చాలామందిలో ఉంటాయి. అవి కనబడితే అనవసరపు టెన్షన్. ముందు హార్మోన్ తేలాలి, తర్వాతే స్కాన్.

పాతకాలపు వీఎంఏ (అడ్రినలిన్ లాంటి హార్మోన్లు విరిగాక చివరకు మిగిలే పదార్థం) మూత్ర పరీక్ష మీద ఆధారపడకూడదు. 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో అది 64 శాతం కేసుల్నే పట్టింది. రక్తంలో మెటానెఫ్రిన్స్ (అదే హార్మోన్లు మారి తయారయ్యే పదార్థాలు) పరీక్ష 99 శాతం, 24 గంటల మూత్రంలో మెటానెఫ్రిన్స్ 97 శాతం పట్టాయి. కణితి హార్మోన్‌ను ఉండుండి వదిలినా, మెటానెఫ్రిన్స్‌ను మాత్రం లోపల ఎప్పుడూ తయారు చేస్తూనే ఉంటుంది. అందుకే అటాక్ లేని రోజున కూడా ఇవి దొరుకుతాయి.

ఈ రెండింటిలో నా ఓటు రక్త పరీక్షకే, కాకపోతే సరిగ్గా తీయాలి. 20 నుంచి 30 నిమిషాలు పడుకోబెట్టి, పడుకుని ఉండగానే రక్తం తీయాలి. చాలాచోట్ల కుర్చీలో కూర్చోబెట్టే తీసేస్తారు. అలా తీసినా రిపోర్ట్ నార్మల్ వస్తే నమ్మవచ్చు. ఎక్కువ వస్తే మాత్రం పడుకోబెట్టి మళ్లీ చేయించాలి. అమిట్రిప్టిలిన్, వెన్లాఫాక్సిన్ లాంటి డిప్రెషన్ మందులు కూడా అంకెల్ని పెంచుతాయి కనుక, వాడే మందులన్నీ డాక్టర్‌కు ముందే చెప్పండి. సొంతంగా ఆపకండి.

పడుకోబెట్టి తీసే ల్యాబ్ దగ్గర్లో లేకపోతే 24 గంటల మూత్రమే మేలు. ఉదయం మొదటి మూత్రం వదిలేసి, మర్నాడు అదే వేళ వరకు ప్రతి చుక్కా పట్టాలి. మధ్యలో ఒక్కసారి మరిచిపోయినా లెక్క తప్పుతుంది. చిన్నపిల్లలకు, కిడ్నీ ఫెయిల్యూర్ ఉన్నవారికి ఈ దారి కుదరదు.

ఏ పరీక్ష ఎంచుకున్నా, ఫలితం తేలేదాకా ఆ గడ్డకు సూది పెట్టి ముక్క తీయించకూడదు, ఆల్ఫా బ్లాకర్ (రక్తనాళాలను వదులు చేసే బీపీ మందు) లేకుండా బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) మొదలుపెట్టకూడదు. రెండింటికీ బీపీ ప్రాణం మీదకు వచ్చేంతగా ఎగబాకవచ్చు.