రాత్రి వెలుగుల గోడపటం కొంటున్నారా? ముందు తిరువూరు వైపు చూడండి

గుంటూరులో ఉన్నత పాఠశాల పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతాను. రాత్రిపూట ఉపగ్రహానికి మన దేశం ఎలా కనిపిస్తుందో చూపించాలని, విజయవాడలో పటాలు ముద్రించే ఒక దుకాణంలో ఆరడుగుల గోడపటం చేయించాను. జిల్లాల సరిహద్దుల మీద రాత్రి వెలుగులు పరిచిన పటం. 3,800 రూపాయలు ముందే కట్టించుకున్నారు. అందులో సగం పిల్లలు పోగుచేసిన డబ్బు. నా మనసుకు కష్టంగా ఉన్నది అదే.

గోడకు తగిలించి పది నిమిషాలు కాలేదు, ఒక అమ్మాయి లేచి "టీచర్, మన గుంటూరు చీకట్లో ఉందేమిటి?" అని అడిగింది. దగ్గరికి వెళ్లి చూశాను. గుంటూరు చుక్క మీద చుక్క వెలుగు లేదు. చీరాల అవతలి సముద్రపు చీకటి వచ్చి ఊరి మీద కూర్చుంది. మన వెలుగు మధిర దగ్గర ఉంది. విజయవాడ వెలుగు ముద్ద మొత్తం తిరువూరు మీద పడింది. మచిలీపట్నం వెళ్లి ఏలూరులో వెలుగుతోంది.

దుకాణానికి వెళ్లి అడిగితే, "కింద కన్యాకుమారి, పైన కశ్మీరు సరిగ్గా కుదిరాయి కదమ్మా!" అన్నారు. నిజమే, కుదిరాయి. మోసపోయేది అక్కడే. నాసా విడుదల చేసిన భూగోళపు రాత్రి చిత్రంలో ప్రతి డిగ్రీ అక్షాంశానికీ ఒకే ఎత్తు ఉంటుంది. వీరు వాడిన సరిహద్దుల పటం మెర్కేటర్ పద్ధతిలో గీసినది. అందులో ఉత్తరానికి పోయేకొద్దీ డిగ్రీ సాగుతుంది. ఈ రెండింటినీ పై అంచు, కింది అంచు కలిపి లాగి అతికిస్తే మధ్యలో ఉన్నవన్నీ పైకి జారతాయి. 8 నుంచి 37 డిగ్రీల దాకా లెక్క వేసి చూశాను. 16.5 డిగ్రీల దగ్గరున్న విజయవాడ సుమారు 17.1కి పోతుంది. అంటే దాదాపు 65 కిలోమీటర్లు! క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు పటాలనూ ఒకే పద్ధతిలోకి మార్చి ఉంటే ఈ తప్పు జరిగేది కాదు.

పటం కింద "దీపావళి రాత్రి భారతదేశం" అని కూడా అచ్చువేశారు. అదీ అబద్ధమే. ఆ చిత్రం ఒక్క రాత్రి తీసినది కాదు, మబ్బులు లేని ఎన్నో రాత్రుల చిత్రాలను కలిపి చేసినది. దీపావళి నాటి అదనపు వెలుగు అంతరిక్షం నుంచి దాదాపు కనిపించనంత స్వల్పమని నాసా 2012లోనే చెప్పింది. ఇక ఈ పటంలో ఆంధ్రప్రదేశ్‌కు జిల్లాలు పదమూడే గీశారు. 2022 ఏప్రిల్‌లోనే అవి 26 అయ్యాయి కదా!

డబ్బు తిరిగి ఇవ్వలేదు, మళ్లీ ముద్రించి ఇవ్వలేదు. "అచ్చు అయ్యాక బాధ్యత లేదు" అని బిల్లు వెనక ఉన్న చిన్న అక్షరాలు చూపించారు. ఆ చిత్రాలను నాసా ఉచితంగానే ఇస్తుంది. మనం కట్టేది అచ్చు ఖర్చు, సరిగ్గా అతికించినందుకు కూలి. ఆ రెండో పనే వాళ్లు చేయలేదు.

వైజ్ఞానిక ప్రదర్శనల కోసం ఇదే పటానికి ఇంకొన్ని పాఠశాలల నుంచి ఆర్డర్లు తీసుకున్నట్లు అక్కడే విన్నాను. మీరూ ఇచ్చి ఉంటే ఈరోజే ఫోను చేసి అచ్చు ఆపించండి. ముందు కంప్యూటర్ తెర మీద చూపించమనండి. పటం అంచులు చూసి సరే అనకండి, మన కృష్ణా తీరం దగ్గర వేలు పెట్టి చూడండి.