మాట అర్థం తేల్చుకోవాలంటే బ్రౌనా, సూర్యరాయాంధ్రమా?

హైదరాబాద్‌లో తెలుగు, ఉర్దూ, హిందీ ఒకే బస్సులో తిరుగుతాయి కాబట్టి మాటల మీద తగాదాలు ఎక్కువే. హిందీవాళ్లకు శిక్ష అంటే చదువు, మనకు దండన. వాళ్ల ఉపన్యాసం నవల, మనది ప్రసంగం. (శిక్షకూ చదువుకూ తేడా ఏముందని అడిగే పిల్లలు మా ఇంట్లోనే ఉన్నారు, అది వేరే సంగతి.) మరి ఇలాంటివి తేల్చుకోవడానికి ఏ నిఘంటువు తెరవాలి?

సరదాగా చదువుకోవడానికైతే నా ఓటు ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్‌కే. 1852లో వచ్చిన ఆ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో పద్యాల మాటల పక్కనే జనం నోటి మాటలూ ఉంటాయి. ఒక మాట కోసం తెరిస్తే పక్క మాటలు లాగేస్తాయి, అరగంట ఇట్టే గడిచిపోతుంది. చిక్కేమిటంటే ఆయన ఉద్యోగం చేసింది కడప, మచిలీపట్నం, రాజమండ్రి, మద్రాసు వైపు. తెలంగాణ పలుకుబడి కోసం దీన్నే నమ్ముకోలేం. అయితే సర్కారు కచేరీల్లో వాడే అరబీ, పారసీ మాటలకు, అంటే అర్జీ, రసీదు, జప్తు లాంటివాటికి, ఆయనే 1854లో విడిగా మిశ్రభాషా నిఘంటువు వేశాడు. పాతబస్తీ దస్తావేజులు చదివేవాళ్లకు అది బాగా పనికొస్తుంది.

సూర్యరాయాంధ్ర నిఘంటువు దారి వేరు. పిఠాపురం రాజావారి పోషణలో మొదలైంది, మొదటి సంపుటం 1936లో వచ్చింది. అర్థాలు తెలుగులోనే ఇస్తుంది, పక్కనే కావ్యాల్లోంచి ప్రయోగం చూపిస్తుంది. పోతన పద్యం దగ్గర ఆగిపోయినప్పుడు దీన్ని మించింది లేదు. కానీ దాని వెనకున్న జయంతి రామయ్య పంతులు గ్రాంథికం, అంటే పాత పుస్తకాల భాష, పక్షాన గట్టిగా నిలబడ్డ మనిషి. వీధిలో విన్న మాట కోసం ఆ గుమ్మం తొక్కితే చాలాసార్లు ఖాళీ చేతులే.

ఈ రెండిటికంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. జిల్లాలకు వెళ్లి రైతులనూ నేతగాళ్లనూ అడిగి రాసుకున్న మాటలవి. నాగలిలోని ఒక్కో భాగానికి ఊరు మారితే పేరు ఎలా మారుతుందో అందులో కనిపిస్తుంది. తెలంగాణ మాటలకు చోటు దొరికింది ఇక్కడే.

గ్విన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు (1991) ఒక్క సంపుటమే. నేటి వాడుకకు అది చాలు.

ఫోన్‌లో ఆంధ్రభారతి వెబ్‌సైట్ ఉచితమే, ఒక్కసారి వెతికితే చాలా నిఘంటువుల్లోని అర్థాలు వరసగా వస్తాయి. తొందరలో ఉంటే అదే మేలు. కొనేది ఒక్కటే అంటే మాత్రం బ్రౌన్. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ప్రతి కనబడితే, బేరం మొదలుపెట్టే ముందు 1903లో సవరించిన కూర్పేనా, చివరి పేజీలు ఉన్నాయా లేవా చూసుకోండి.