వెయ్యి డాలర్లలోపు జంట గొట్టాల తుపాకీ: స్టోగరా, బాబ్‌వైటా, పాత అమెరికన్ దా? ఏది మేలు?

అమెరికాలో కాన్సస్‌లోనో సౌత్ డకోటాలోనో ఫెజెంట్ (అడవికోడిలాంటి పెద్ద పిట్ట) వేటకు వెళ్దామనుకునే మనవాళ్లు ముందు అడిగేది తుపాకీ గురించే, అందులోనూ పక్కపక్కన రెండు గొట్టాలుండే పాతకాలపు డబుల్ బ్యారెల్ గురించే. ఊళ్లో దొరగారింటి గోడకు వేలాడిన తుపాకీ అదే కదా, మనసు అక్కడికే పోతుంది. నిజం చెప్పాలంటే చవగ్గా పిట్టలు కొట్టడమే ముఖ్యమైతే పంప్ యాక్షన్ (ముందు పిడిని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించే ఒంటి గొట్టం తుపాకీ) కొనుక్కోండి, అంతకంటే తక్కువలో అంత నమ్మకమైనది ఇంకోటి లేదు. డబుల్ బ్యారెల్ సగం ముచ్చటే. మిగతా సగంలో మాత్రం అసలైన లాభాలున్నాయి. ముళ్లకంచె దాటేటప్పుడు, కుక్కలు కాళ్ల మధ్య తిరుగుతున్నప్పుడు తుపాకీ మధ్యలో మడిచి తెరిచి పట్టుకుంటే అందులో తూటా ఉందో లేదో పక్కవాడికి కూడా కనిపిస్తుంది. రెండు గొట్టాలకు రెండు వేరు చోకులు (తూటాలోని చిన్న గుళ్లు, అంటే పెల్లెట్లు, ఎంత చెదరాలో తేల్చే గొట్టం మూతి దగ్గరి ఇరుకు) ఉంటాయి కాబట్టి దగ్గర పిట్టకు ఒకటి, దూరం పోతున్నదానికి ఇంకొకటి. పొడవు కూడా తక్కువ, గడ్డిలో తిరగడానికి చేతికి ఒదుగుతుంది.

ఇక బరువు. చాలామంది చెక్కడాలూ చెక్క మెరుపూ చూస్తారు కానీ ముందు చూడాల్సింది ఇదే. ఈ వేట అంటే కూర్చుని కాచుకునేది కాదు, నడుము దాకా గడ్డిలో మైళ్లకు మైళ్లు నడవాలి, తుపాకీ రోజంతా చేతుల్లోనే ఉంటుంది. ఏడున్నర పౌండ్ల 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం) పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికి ఫెజెంట్ పుంజు లేచేసరికి భుజానికి ఆలస్యంగా వస్తుంది. అందుకే నేను 20 గేజ్ వైపు, ఆరు పౌండ్ల చుట్టుపక్కల ఉన్నది. ఒక ఔన్స్ లోడు, 5 లేదా 6 నంబరు పెల్లెట్లు (నంబరు పెరిగితే గుండు చిన్నది) వేస్తే ముప్పై ముప్పైఅయిదు గజాల్లో ఫెజెంట్‌కు చాలు, బాబ్‌వైట్ క్వెయిల్‌కు, అదే మన పూరేడు పిట్టలాంటిదానికి, ఏడున్నర నంబరుతో అవసరానికి మించే. జనవరిలో బెదిరిపోయిన పుంజులు దూరంగా లేచేటప్పుడు 12 మేలనేవాళ్లున్నారు, ఆ మాటలో నిజం ఉంది.

స్టోగర్ అప్‌ల్యాండర్ బ్రెజిల్లో తయారవుతుంది. కొత్త వాటిలో దీనికంటే చవక దొరకడం కష్టం. రెండు ట్రిగ్గర్లు, సాదా బాక్స్‌లాక్ (పేల్చే యంత్రమంతా ఒకే పెట్టెలో), ఖాళీ షెల్‌ని కొద్దిగా పైకి లేపే ఎక్స్‌ట్రాక్టర్లు, అంతే. తెరవడం గట్టిగా ఉంటుంది, ట్రిగ్గర్లు బరువు, చెక్క మీద పాలిష్ చూస్తే ధర గుర్తొస్తుంది. వీటన్నిటికంటే చికాకు పెట్టేది దాని సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట): తుపాకీ తెరిచిన ప్రతిసారీ తనంతట తానే సేఫ్‌లోకి పోతుంది. మొదటి రోజుల్లో ఇది మంచిదే అనిపిస్తుంది, కానీ గబగబా రెండు షెల్స్ వేసి మూసేసరికి ఇంకో పుంజు లేస్తే ట్రిగ్గర్ లాగుతూ ఏమీ పేలక నిలబడేవాళ్లను చాలామందిని చూస్తాం. అలవాటైతే సర్దుకుంటుంది. వానలో తడిసినా, పికప్ వెనక దొర్లినా మనసు నొచ్చుకోనక్కర్లేని తుపాకీ ఇది, ఆ ధైర్యానికీ ఒక విలువ ఉంది.

సీజెడ్ బాబ్‌వైట్ జీ2 పేరుకు సీజెడ్‌దే కానీ పుట్టేది టర్కీలో, కోన్యా ప్రాంతంలోని హుగ్లూలో. ఊరి పేరే కంపెనీ పేరు, ఊరంతా తుపాకుల పనే. స్టోగర్ మీద రెండు మూడు వందల డాలర్లు ఎక్కువ పెట్టాలి. ఆ డబ్బుకు వచ్చేది ఏమిటంటే పిస్టల్ గ్రిప్ (పట్టు దగ్గర కిందికి వంపు) లేని తిన్నని ఇంగ్లిష్ స్టాక్ (వెనక చెక్క), సన్నని ఫోరెండ్ (గొట్టాల కింది చెక్క), మార్చుకునే చోకులు, మనం తోస్తేనే కదిలే సేఫ్టీ. తిన్నని స్టాక్ అందం కోసమే అనుకుంటారు. రెండు ట్రిగ్గర్లున్నప్పుడు ముందుదాని నుంచి వెనకదానికి చెయ్యి జారాలి కదా, పిస్టల్ గ్రిప్ ఉంటే ఆ జారడం అడ్డుపడుతుంది. ముందు ట్రిగ్గర్ కుడి గొట్టం, వెనకది ఎడమది. సింగిల్ ట్రిగ్గర్ కావాలనేవాళ్లకు అదే సీజెడ్‌లో షార్ప్‌టెయిల్ ఉంది, కానీ ఈ ధరలో సింగిల్ ట్రిగ్గర్ మెకానిజం అంటే నాకు అనుమానమే. లోపల భాగాలు ఎక్కువ, రెండో దెబ్బకు మొరాయించే అవకాశం ఎక్కువ. రెండు ట్రిగ్గర్లలో ఒకటి పోయినా ఇంకోటి పేలుతుంది.

పాతవాటి సంగతికొస్తే బజార్లో ఎక్కువగా కనిపించేది స్టీవెన్స్ 311. మొరటు తుపాకీ, 12 గేజ్‌లో మరీ బరువు, ట్రాక్టర్ లాగా ఎన్నేళ్లయినా నడుస్తుంది. కొన్నింటి మీద సీరియల్ నంబరు లేదని భయపడకండి, 1968 ఫెడరల్ తుపాకుల చట్టానికి ముందు షాట్‌గన్‌కు అది తప్పనిసరి కాదు. స్టోగర్ కొత్తది దొరుకుతున్నప్పుడు 311కి అంతే డబ్బు పెట్టడం నాకు అర్థం కాదు, చాలావాటికి చోకులు ఫుల్ (బాగా ఇరుకు), మాడిఫైడ్ (మధ్యరకం) అని బిగించేసి ఉంటాయి, పాతిక గజాల్లో లేచే క్వెయిల్‌కు అది అన్యాయం. అసలు ఆశ పెట్టేది ఏ.హెచ్. ఫాక్స్ స్టెర్లింగ్‌వర్త్, 1910లో మొదలైన మోడల్. చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది, కాస్త అరిగినది వెయ్యి డాలర్ల చుట్టూ దొరుకుతుంది.

అలాంటిది కొనేముందు కౌంటర్ దగ్గరే కొన్ని పనులు చేయండి. పైన తెరిచే లీవర్ ఎక్కడ ఆగుతుందో చూడండి: కుడివైపుకు ఉంటే లోపల లాక్‌లో ఇంకా అరుగుదలకు చోటుందని, నడిమి దాటి ఎడమకు పోతే బాగా అరిగిందని. ఫోరెండ్ ఊడదీసి, తుపాకీ మూసి, గొట్టాలు ఒక చేత్తో స్టాక్ ఒక చేత్తో పట్టుకుని ఊపండి, టక్ టక్ అని కదిలితే వదిలేయండి. గొట్టాల జంటను స్టాక్ నుంచి విడదీసి కింది కొక్కెం దగ్గర వేలికి తగిలించి చెక్కతో మెల్లగా కొడితే గంటలా మోగాలి, గరగరమంటే రెండు గొట్టాల మధ్య పట్టీని (రిబ్) అతికించిన సోల్డర్ ఊడిందన్నమాట. చాంబర్ (తూటా కూర్చునే చోటు) పొడవు గన్‌స్మిత్‌తో (తుపాకులు బాగుచేసేవాడితో) కొలిపించండి, పాత 16 గేజ్‌లు చాలావరకు 2 9/16 అంగుళాలవి, ఇప్పటి 2¾ అంగుళాల షెల్ వాటికి కాదు. డమాస్కస్ గొట్టాలంటే, ఆ చుట్టలు చుట్టలుగా కనిపించే నమూనా ఉంటే, ఇప్పటి తూటాల జోలికే పోవద్దు. ఇంకా ఒక మెలిక: సౌత్ డకోటా ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల, ఫెడరల్ వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాల్లో (నీటిపక్షుల కోసం కేటాయించిన భూముల్లో) సీసం పెల్లెట్లు నిషిద్ధం. పాత పలుచని గొట్టాల్లో స్టీల్ వేస్తే చోకు దగ్గర ఉబ్బుతుంది, సీసానికి బదులు వాడే మెత్తని లోహం బిస్మత్ కొంటే ఒక్కో పెట్టెకూ జేబు ఏడుస్తుంది. కొత్త తుపాకీ తీసుకుని స్టీల్‌కు సరిపడే చోకు వేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

కాబట్టి నా ఓటు బాబ్‌వైట్ 20 గేజ్‌కి. చేతిలో అయిదు వందలే ఉంటే స్టోగర్ 20, మొహమాటం లేకుండా. స్టెర్లింగ్‌వర్త్ మాత్రం తెలిసిన గన్‌స్మిత్ దగ్గర్లో ఉండి, సీసం వాడుకోనిచ్చే చోట వేటాడేవాళ్లకు. దాని స్టాక్ చెంప దగ్గర బాగా కిందికి వంగి ఉంటుంది, మీ ముఖానికి సరిపోతుందో లేదో చూసుకోకుండా డబ్బు కట్టొద్దు.

హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. నాన్ ఇమిగ్రెంట్ వీసాతో వచ్చినవాళ్లు మామూలుగా తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు కూడా, అది ఫెడరల్ చట్టం. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. షాపులో 4473 ఫారం నింపేటప్పుడు ఆ లైసెన్స్ చూపించాలి. సీజన్ అయిపోయాక లైసెన్స్ గడువు దాటితే మినహాయింపూ పోతుంది, తుపాకీ మాత్రం అల్మరాలోనే ఉంటుంది, చిక్కంతా అక్కడే, గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోండి, అనుమానం ఉంటే లాయర్ని అడగండి. గ్రీన్ కార్డ్ వాళ్లకు ఈ గొడవ లేదు. కాన్సస్‌లో 1957 జులై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కూడా కావాలి. తర్వాత ఊరికి పట్టుకెళ్లి చెరువు గట్టున తిప్పుదామనే ఆలోచన ఉంటే మానుకోండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు అక్కడ ఆ వేట నిషిద్ధం.

ఏది కొన్నా నవంబర్ రెండో శనివారం కాన్సస్ సీజన్ మొదలయ్యేలోపు ఒక పూట రేంజ్‌కి వెళ్లి పెద్ద కాగితం మీద ముప్పై గజాల నుంచి ఒక్కో గొట్టం విడివిడిగా కాల్చండి. చవక డబుల్స్‌లో దొరికే అసలు లోపం ఇక్కడే బయటపడుతుంది, రెండు గొట్టాలు ఒకేచోట కొట్టవు, ఒకటి అరడుగు పక్కకు పోతుంది. నాలుగంగుళాల లోపు తేడా అయితే పిట్ట విషయంలో పట్టించుకోనక్కర్లేదు. అంతకు మించితే చోకులు మార్చి, ఇంకో కంపెనీ షెల్ వేసి చూడండి, అప్పటికీ అలాగే ఉంటే వారంటీలో వెనక్కి పంపండి. సరిగ్గా ఉంటే కుడిదానికి ఇంప్రూవ్డ్ సిలిండర్ (వదులు చోకు), ఎడమదానికి మాడిఫైడ్ వేసి సీజనంతా ఇక చోకుల జోలికి వెళ్లకండి.