రెండేళ్ల షాడ్‌సీఎన్, ఒక లేబుల్ గొడవ

తెలుగు ఫామ్‌లున్న వెబ్ అప్లికేషన్లు చేసే పని మాది, ముగ్గురం. రెండేళ్లుగా షాడ్‌సీఎన్ (shadcn/ui) వాడుతున్నాం, అంటే స్క్రీన్ మీది బటన్, లేబుల్ లాంటి ముక్కలకి (కాంపొనెంట్లకి) రెడీమేడ్ కోడ్. ఇందులో నాకు బాగా నచ్చింది ఒక్కటే. అవి డౌన్‌లోడ్ చేసిన ప్యాకేజీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లో ఎక్కడో దాక్కోవు. 'యాడ్' కమాండ్ కొడితే కోడ్ ఫైలే తెచ్చి మన ఫోల్డర్లో పెడుతుంది. ఆపైన అది మనది.

ఇన్‌స్టాల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వీట్ (Vite) అనే బిల్డ్ టూల్‌తో వాడేవాళ్లు పాత్ అలియాస్‌ని, అంటే ఫోల్డర్ దారికి పెట్టుకునే పొట్టిపేరుని, రెండు టీఎస్‌కాన్ఫిగ్ (టైప్‌స్క్రిప్ట్ సెట్టింగుల) ఫైళ్లలోనూ రాయాలి. నేను ప్రతిసారీ ఒకటి మర్చిపోతాను.

ఆ ఫైలు మన చేతిలో ఉండటం ఎంత సుఖమో "స్త్రీ" దగ్గర తెలిసింది. సెలెక్ట్ బాక్సులో ఆ మాట ఎంచుకుంటే కింద ఒత్తులు సగానికి తెగిపోయేవి. ఒక్క వరుసే చూపించమని అందులో లైన్-క్లాంప్ ఉంది, వరుస ఎత్తేమో 14 పిక్సెళ్ల అక్షరానికి 20 పిక్సెళ్లు. ఇంగ్లిష్‌కి అది చాలా ఎక్కువ. మన అక్షరం పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తుకి తోడు ఇంకో ఒత్తు వేసుకుని వస్తుంది. లేబుల్‌ది ఇంకో గోల. దానికి 'లీడింగ్-నన్', అంటే అక్షరం సైజు ఎంతో వరుస ఎత్తూ అంతే. ఫోన్లో "అప్పు తీసుకున్నవారి పేరు, ఆధార్ కార్డు మీద ఉన్నట్టుగా" రెండు వరుసలయ్యేసరికి పై ఒత్తులు కింది తలకట్లలో దిగబడేవి.

ఇదివరకు వాడిన లైబ్రరీలో అయితే బయటి నుంచి సీఎస్‌ఎస్‌లో, లైబ్రరీ స్టైల్‌ని తోసిరాజనే 'ఇంపార్టెంట్' మీద 'ఇంపార్టెంట్' రాసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఇక్కడ లేబుల్ ఫైలు తెరిచి, వరుస ఎత్తు పెంచే 'లీడింగ్-రిలాక్స్‌డ్' అని మార్చా, సెలెక్ట్‌లోనూ వరుస ఎత్తు పెంచా. టీ చల్లారేలోపు అయిపోయింది. ఆ వారం కనపడ్డవాళ్లందరికీ ఇదే వాడమని చెప్పాను.

కొన్ని నెలలకి 'ఫామ్' అనే కాంపొనెంట్ కావాల్సొచ్చింది. దాంతోపాటు లేబుల్, బటన్ కూడా వస్తాయి. ఆ ఫైళ్లు ఇప్పటికే ఉన్నాయి, వాటి మీదే రాయమంటావా అని టెర్మినల్ అడిగింది. శుక్రవారం సాయంత్రం, చెవి దగ్గర ఫోను. 'వై' నొక్కేశా. మా టెస్ట్ డేటా అంతా ఇంగ్లిష్‌లోనే ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కనపడలేదు. సోమవారం క్లయింట్ వైపు నుంచి వాట్సాప్‌లో ఫొటో: "సార్, అక్షరాలు ఒకదాంట్లో ఒకటి దూరాయి". ఫాంట్ లోడ్ కావట్లేదేమో అనుకుని రెండు గంటలు దాని వెంటే పడ్డాను, కాష్ కూడా తుడిచాను. చివరికి గిట్ డిఫ్ (కోడ్‌లో ఏది మారిందో చూపేది) చూస్తే లేబుల్ ఫైల్లో నా సవరణ మాయం. ఆ మార్పుని కమిట్ చేసిందీ (గిట్‌లో భద్రపరిచిందీ) నేనే. టెర్మినల్ అడిగింది, నేనే చదవలేదు.

కాబట్టి "ఆపైన అది మనది" అన్నానే, కాపలా కూడా మనదే. పైగా ఇప్పుడు మాకు మూడు ప్రాజెక్టులు, మూడు లేబుల్ ఫైళ్లు. ఒకచోట సరిచేస్తే మిగతా రెండిట్లో పాతదే. సొంత రిజిస్ట్రీ, అంటే 'యాడ్' కోడ్ తెచ్చుకునే మన సొంత గోదాము, పెట్టుకోవచ్చు, పెట్టాం కూడా. మా సవరణలున్న కాంపొనెంట్లను ఒక జేసన్ ఫైల్లో పేర్కొని, బిల్డ్ చేసి, మా సర్వర్ మీద ఉంచి, ఆ లింకుతో 'యాడ్' కొడుతున్నాం. కానీ అక్కడ మార్చింది తనంతట తాను ప్రాజెక్టుల్లోకి రాదు. ప్రతిదాంట్లో మళ్లీ కొట్టి, డిఫ్ చూసుకోవాలి. ప్యాకేజీ అయితే వర్షన్ నంబరు పెంచితే సరిపోయేది. ఆ సౌకర్యం పోయిందని మొదట్లో నాకు తట్టనే లేదు.

ముగ్గురమే కాబట్టి, స్క్రీన్లు తెలుగులో కాబట్టి నాకిది ఇప్పటికీ నష్టం కాదు. ఇరవై మంది నాలుగు టీముల్లో పనిచేసే చోట, అదీ ఇంగ్లిష్ స్క్రీన్లే అయితే, నేనైతే గట్టిగా చెప్పలేను.

ఇప్పుడు ప్రతి కాంపొనెంటునీ ఒక డెమో పేజీలో పెట్టి, నమూనా మాటలుగా "రాష్ట్రం", "స్వాతంత్ర్యం", "స్త్రీ" వేశాం. కొత్తగా చేరిన కుర్రాడు మొదటిరోజు అది చూసి, ఇదేదో ఎన్నికల సైటా అన్నాడు.