జూనియర్ 60 బల్సా విమానం: నాలుగు వేసవులు ఎగరేశాక

రేడియో రిమోట్‌తో ఎగరేసే ఈ మోడల్ విమానానికి అట్టపెట్టె లేదు, వారంటీ కార్డు లేదు. ఉన్నదల్లా ఒక డ్రాయింగు. దాన్ని చూసి బల్సా అనే తేలిక కర్ర కోసుకుని, అతికించుకుని, మోటారు బిగించుకుని ఎగరేసుకోవాలి. విజయవాడ సత్యనారాయణపురంలో మా భోజనాల బల్ల మీద ఐదు నెలలు దీన్ని కట్టాను. నాలుగు వేసవులు ఎగరేశాను. మూడుసార్లు పగలగొట్టాను. కర్రతో కట్టుకోవడం మేలా, రెడీమేడ్ ఫోమ్ విమానం కొనుక్కోవడం మేలా అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి అనుభవం మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ప్లాను పేరు జూనియర్ 60. ఇంగ్లండులోని కీల్‌క్రాఫ్ట్ కంపెనీ 1940లలో తెచ్చిన మోడల్. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 60 అంగుళాలు, అంటే 1524 మిల్లీమీటర్లు. మొదట్లో దీనికి రేడియో లేదు. చిన్న ఇంజన్ పెట్టి వదిలేస్తే ఇంధనం అయిపోయేదాకా పైకి పోయి, ఆ తర్వాత మెల్లగా జారుతూ దిగేది. రేడియో బిగించడం తర్వాతి వాళ్ల పని. ఎవరి సాయం లేకుండా నిలదొక్కుకోవాలని గీసిన డిజైన్ కనుక, నేర్చుకునేవాడు చేసే తప్పులు చాలావరకు అదే సర్దుకుంటుంది. చేతికి దిక్కుతోచకపోతే రిమోట్ మీది స్టిక్కులు వదిలేయడమే మంచిది.

దీనికి ఏలరాన్లు, అంటే రెక్కల వెనక అంచున కదిలే పలకలు, ఉండవు. తోక మీద పక్కలకు తిరిగే రడ్డర్, తోకలోనే పైకీ కిందికీ కదిలే ఎలివేటర్, మోటారు, అంతే. రెక్కలు రెండూ కొసల వైపు పైకి లేచి ఉంటాయి. రడ్డర్ తిప్పితే ముక్కు పక్కకు తిరుగుతుంది. అప్పుడు ముందుకొచ్చిన రెక్కకు గాలి కాస్త ఎక్కువ కోణంలో తగిలి ఆ వైపు లేస్తుంది, విమానం వాలి మలుపు తీసుకుంటుంది. ఇదంతా జరగడానికి ఒక క్షణం పడుతుంది. మొదటి వారం ఆ క్షణమే నాకు టెన్షన్. తిరగలేదేమోనని ఇంకాస్త తిప్పేవాణ్ణి, అది రెండూ కలిపి తిరిగేది.

ప్లాను పీడీఎఫ్ పట్టుకుని గవర్నర్‌పేటలో ఇళ్ల ప్లాన్లు పెద్ద కాగితం మీద తీసే ఒక జిరాక్సు షాపుకు వెళ్లాను. కుర్రాడు ప్రింటు చుట్టి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి రిబ్బులు, అంటే రెక్కకు ఆకారమిచ్చే పలచని అడ్డచెక్కలు, కోశాను కూడా. తర్వాత ఎందుకో స్కేలు పెట్టి కొలిస్తే, 762 మిల్లీమీటర్లు ఉండాల్సిన సగం రెక్క 739 వచ్చింది. కంప్యూటర్‌లో 'ఫిట్ టు పేజీ' అని ఉండిపోయి, ప్లాను మొత్తం నూటికి మూడు వంతులు తగ్గిపోయింది. ఇంటి ప్లానులో అయితే కొలతలు అంకెల్లో రాసి ఉంటాయి కాబట్టి ఎవరికీ నష్టం లేదు. మనం కాగితం మీద పెట్టి కోస్తాం. రెండోసారి వెళ్లినప్పుడు స్కేలు జేబులో పెట్టుకుని వెళ్లి, కౌంటర్ మీదే కొలిచి డబ్బులిచ్చాను.

ఇక కర్ర. ఈ పనిలో సగం విద్య ఇక్కడే ఉంది, ప్లానులో దీని గురించి ఒక్క ముక్క ఉండదు. బల్సా ఎక్కువగా దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ నుంచి వస్తుంది. గాలిమరల రెక్కల లోపల కూడా ఇదే వాడతారు, అందుకే 2020లో ప్రపంచమంతా దీనికి కరువొచ్చి ధర కొండెక్కింది. నాకు బెజవాడలో అమ్మే షాపు దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒకే కొలత షీట్లు, 3 మిల్లీమీటర్ల మందం, 100 వెడల్పు, మీటరు పొడవు. వంటింటి డిజిటల్ కాటా మీద పెడితే ఒకటి 34 గ్రాములు, ఇంకొకటి 61! చూపులకు రెండూ కవలపిల్లలే. బరువైనది గట్టిది, తేలికైనది మెత్తనిది. ప్రతి షీటు మీదా పెన్సిల్‌తో బరువు రాసుకుని, గట్టివి రెక్క పొడవునా సాగే స్పార్లకూ బాడీ పొడవునా సాగే కర్రలకూ, మెత్తనివి తోకకూ పెట్టాలి. నేను మొదటిసారి ఈ పని చేయలేదు. చేతికి ఏది దొరికితే అది కోశాను. తోకలో పది గ్రాములు ఎక్కువైతే, తోక దూరంగా ఉంటుంది కాబట్టి, ముక్కులో దానికి రెండు మూడు రెట్లు బరువు వేసి సరిచేయాలి. చేపల వలలకు కట్టే సీసం గుళ్లు ఇప్పటికీ నా విమానం ముక్కులో ఉన్నాయి, మొదట్లో చేసిన బద్ధకానికి గుర్తుగా.

కొండపల్లి ఇంత దగ్గర పెట్టుకుని ఈక్వెడార్ కర్ర ఎందుకని నాకూ అనిపించింది. బొమ్మల కాలనీకి వెళ్లి తెల్లపొణికి ముక్క ఒకటి తెచ్చాను. కత్తి దిగడం హాయిగా ఉంది, పగలదు, చీలదు. కానీ అదే కొలత బల్సా ముక్కతో తూచి చూస్తే దాదాపు రెట్టింపు ఉంది. రిబ్బులకు పనికిరాదు. అక్కడి ఒక కళాకారుడి చేత పైలట్ బొమ్మ చెక్కించుకున్నాను. తలపాగాతో ఒకటి, టోపీతో ఒకటి చేస్తానన్నాడు. తలపాగా అన్నాను. సన్న మీసాలు, చింతగింజల మక్కుతో అతికించిన చేతులు. బరువు 38 గ్రాములు, విమానానికి ఏ ఉపయోగమూ లేదు, అయినా తీయను.

కట్టడానికి బల్ల చదునుగా ఉండాలి. టింబర్ డిపోలో కొన్న ఫ్లష్ డోర్ మీద ఫాల్స్ సీలింగ్‌కు వాడే జిప్సం బోర్డు పరిచాను, గుండుసూదులు చక్కగా దిగుతాయి. దాని మీద ప్లాను, ప్లాను మీద జిగురు అంటకుండా పాలిథీన్ షీటు. రిబ్బులు ఇరవై పైచిలుకు. ఒక్కొక్కటీ గీసి కోసే బదులు రెండు ప్లైవుడ్ అచ్చుల మధ్య చెక్కల్ని బిగించి ఒకేసారి సాండ్‌పేపర్ పట్టిస్తే అన్నీ ఒకే తీరుగా వస్తాయి. ఏ కర్ర ముందు, ఏది తర్వాత అన్నది ప్లాను చెప్పదు. పాతకాలపు ప్లాన్లన్నీ పెళ్లి పనులు తెలిసిన పెద్దమ్మ చెప్పినట్టు ఉంటాయి, 'తర్వాత మామూలే' అంటుంది, ఆ మామూలు మనకు తెలియదు. బాడీకి అడ్డంగా నిలిపే చట్రాలను ఫార్మర్లు అంటారు. ఒకదాన్ని తలకిందులుగా అతికించి, రాత్రి పదకొండింటికి బ్లేడుతో ఊడదీశాను.

జిగురు విషయంలో మన ఊరి గాలి కొన్నిచోట్ల మేలు, కొన్నిచోట్ల కీడు. ఫెవిక్విక్ లాంటి సైనో జిగురు తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి వానాకాలంలో కళ్లు మూసి తెరిచేలోగా పట్టేస్తుంది, తెరిచిన సీసా కూడా అంతే త్వరగా రాయి అవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే నిలుస్తుంది. "పెరుగు గిన్నె పక్కన మాత్రం పెట్టకండి" అన్న షరతు మీద మా ఆవిడ ఒక మూల ఇచ్చింది. బరువు పడే చోట్ల, అంటే మోటారు బిగించే ప్లైవుడ్, రెక్కల మధ్య అతుకు, అక్కడ రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురే.

పై తొడుగు మొదట పాత పద్ధతిలో టిష్యూ కాగితం, దాన్ని బిగించే డోప్ అనే వార్నిష్ లాంటి ద్రవంతో చేద్దామని ఆగస్టులో మొదలుపెట్టాను. గాలిలో తేమకు డోప్ ఆరేలోగా తెల్లగా పాలిపోయింది, చర్మానికి బూడిద పూసినట్టు. రెండు రోజుల పని పీకి పారేసి, ఇస్త్రీతో అంటుకునే ఫిల్మ్ తెప్పించాను. పసుపు రంగు, అవతలి వెలుతురు కనిపించేది. పొద్దుటి ఎండకు ఎదురుగా వెళ్లినప్పుడు లోపలి రిబ్బులన్నీ వరసగా కనిపిస్తాయి. ఐదు నెలల కష్టానికి ఆ ఒక్క దృశ్యం చాలనుకున్న రోజులున్నాయి.

ఎలక్ట్రిక్ భాగాలు త్వరగా చెప్పేస్తాను, ఇందులో వింతలేవీ లేవు. బ్రష్‌లెస్ మోటారు, మోటారు వేగాన్ని అదుపు చేసే 40 ఆంపియర్ల ఈఎస్‌సీ, 11 అంగుళాల ప్రొపెల్లర్, 3ఎస్, అంటే మూడు సెల్‌ల, 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో. విమానం మొత్తం బరువు 1350 గ్రాములు. మోటారు సగం పవర్‌తో పన్నెండు నిమిషాలు తిరుగుతుంది. పాత ప్లానులో బ్యాటరీకి చోటు ఉండదుగా, నేనూ ఆలోచించలేదు. మొదటి వేసవంతా బ్యాటరీ మార్చాల్సి వచ్చినప్పుడల్లా రెక్క విప్పాను. తర్వాత ముక్కు కింద మూత కోసి, అయస్కాంతాలు పెట్టాను. కట్టేటప్పుడే చేసి ఉంటే గంట పని, తర్వాత చేస్తే ఆదివారమంతా.

ఎక్కడ ఎగరేయాలన్నది అసలు చిక్కు. గన్నవరం విమానాశ్రయం చుట్టుపక్కల మాట తలపెట్టకూడదు. 2021 డ్రోన్ నిబంధనల కింద డిజిటల్ స్కై మ్యాపులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లు చూపిస్తారు, ఆకుపచ్చలోనైనా 400 అడుగులే హద్దు. వెళ్లే ముందు ఆ మ్యాపు చూసుకుంటాను. మా బావమరిదికి తెనాలి వైపు పొలం ఉంది. వరి కోశాక ఖాళీగా ఉంటుందనుకున్నాను, డెల్టాలో అంత సుఖం ఎక్కడిది? కోతకు ముందే చేలో మినుములు చల్లేస్తారు, లేదంటే మొక్కజొన్న వేస్తారు. నేల మనకు దక్కేది ఏప్రిల్, మే నెలల్లోనే. అప్పటికి నల్లరేగడి నెర్రెలు విచ్చి, చిన్న చక్రాలు అందులో ఇరుక్కుని విమానం బొక్కబోర్లా పడుతుంది. నాలుగు అంగుళాల చక్రాలు వేశాక ఆ బాధ తగ్గింది. పొద్దున్న ఐదున్నరకు మొదలుపెట్టాలి, ఏడున్నర దాటితే గాలి లేస్తుంది. ఇంత తేలిక విమానం గాలికి ఎదురుగా ఉన్నచోటే నిలబడిపోతుంది, ఒక్కోసారి వెనక్కి జరుగుతుంది.

మొదటి రోజే పగిలింది. "బావా, తోక కిందికి వేలాడుతోంది" అని బావమరిది అంటూనే ఉన్నాడు, ముక్కు నిక్కి, వేగం చచ్చి, పక్కకు ఒరిగి గట్టు మీద పడింది. తోక బరువే కారణం. ముక్కు భాగం నుజ్జయింది. ఇంటికొచ్చి ప్లాను పరిచి, విరిగిన రెండు ఫార్మర్లు మళ్లీ కోసి, ఐదు సాయంత్రాల్లో నిలబెట్టాను.

రెండో వేసవిలో తాటిచెట్టు ఎక్కింది. ఎండ కళ్లలో పడి, అటు తిరిగిందో ఇటు తిరిగిందో తెలియక, కుడి రెక్క నేరుగా మట్టల్లోకి. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, పొద్దున ఆరున్నరకు చెట్టు కింద తలెత్తి నిలబడ్డ ఇద్దర్ని చూసి దారిన పోయేవాళ్లు ఏమనుకున్నారో చెప్పక్కర్లేదు. కల్లు గీసే ఆయనే ఎక్కి దింపాడు. చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "మందు కొట్టేదా బాబూ? ఎన్ని లీటర్లు పడతయి?" అన్నాడు. మిరప చేలల్లో మందు డ్రోన్లు తిరుగుతున్న రోజులు మరి. ఏమీ పట్టవని చెబితే జాలిగా చూశాడు. రెక్క కొసలో నాలుగు రిబ్బులు పోయాయి.

మూడోది నా నిర్లక్ష్యం. ఈ విమానంలో రెక్కను బాడీకి రబ్బరు బ్యాండ్లతో కడతారు. దెబ్బ తగిలితే రెక్క విరగకుండా జారిపోతుంది, మంచి ఏర్పాటే. కానీ మన ఎండకు రబ్బరు ఒక్క సీజన్‌లోనే జిగటై, పగుళ్లు వస్తుంది. పోయినేడు మిగిలినవే వేశాను. గుండ్రంగా తిప్పుతుండగా రెండు పుటుక్కుమన్నాయి, రెక్క ఒకపక్క లేచింది, మిగతాది ఊహించుకోండి. ఇప్పుడు ప్రతిసారీ కొత్తవే. మిగిలినవి టాల్కం పౌడరు చల్లి డబ్బాలో పెడతాను.

ఇంట్లో దాచడం కూడా జాగ్రత్తగా చేయాలి. అటక మీద పెట్టాను ఒక మే నెల. స్లాబు వేడికి ఫిల్మ్ వదులై, ఎడమ రెక్క మెలి తిరిగింది. ఎగరేస్తే ఎప్పుడూ ఒకే వైపు లాగేది. మెలికకు ఎదురుగా రెక్కను తిప్పి పట్టుకుని మళ్లీ ఇస్త్రీ చేస్తే సరిపోయింది, ఒకరు పట్టుకోవాలి, ఒకరు ఇస్త్రీ పెట్టాలి. ఇప్పుడు హాల్లో గోడకు వేలాడుతోంది. లైపోలను సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచుతాను. పూర్తిగా చార్జి చేసి నెల వదిలేసిన ఒకటి ఉబ్బిపోయింది.

ఖర్చు: కర్ర, ప్లైవుడ్ 4,500 రూపాయలు, ఫిల్మ్ 2,400, మోటారు, ఈఎస్‌సీ కలిపి 2,800, రడ్డర్, ఎలివేటర్‌లను కదిపే చిన్న మోటార్లు, అదే సర్వోలు, 1,200, రేడియో 5,500, రెండు బ్యాటరీలు 3,600, చార్జర్ 2,500. అన్నీ కలిపి 22,500. పారేసిన డోప్, మొదటి ప్రింటు లెక్కలో లేవు. ఇదే డబ్బుకు నేర్చుకునేవాళ్ల కోసం చేసిన ఫోమ్ విమానం వస్తుంది, సాయంత్రానికి ఎగురుతుంది కూడా. నా దగ్గర ఒకటి ఉండేది. మధ్యాహ్నం కారులో వదిలేస్తే రెక్క అప్పడంలా ఒంగింది, ఆ భాగం ఒక్కటే అమ్మరట. కర్ర విమానానికి ఆ గొడవ లేదు, విరిగిన ముక్క ఏదైనా ప్లానులో ఉంది. మొదట కట్టిన కర్రలో ఇప్పుడు సగం కూడా లేదనుకుంటాను. ఓపిక లేనివాళ్లు, ఆదివారాలు ఇంట్లోవాళ్లకు బాకీ ఉన్నవాళ్లు మాత్రం ఫోమే కొనుక్కోండి.

ఈ వేసవికి ముందే కుడి రెక్క రిబ్బులు ఇంకో జత కోసి, దారం కట్టి, ప్లాను చుట్టలో దోపి పెట్టాను. తాటిచెట్లు అక్కడే ఉన్నాయి.