ట్యూబ్ ఆంపా, కటానానా: తిరుపతి ఇంట్లో రెండూ వాడాక

నా దగ్గర రెండు గిటార్ ఆంపులున్నాయి, అంటే గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకర్‌లో వినిపించే పెట్టెలు. ఒకటి ఫెండర్ బ్లూస్ జూనియర్, పాత రేడియోల్లోలా గాజు ట్యూబులతో పనిచేసే 15 వాట్లది. రెండోది బాస్ (Boss) కంపెనీ కటానా 50, డిజిటల్. కొన్నేళ్లుగా రెండూ వాడుతున్నాను. ఎవరిని అడిగినా టోన్ కావాలంటే ట్యూబ్, ఫీచర్లు కావాలంటే కటానా అంటారు. బైరాగిపట్టెడలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల మధ్య వాయించే నాకు ఆ మాట సగమే నిజం.

బ్లూస్ జూనియర్‌లో స్పీకర్‌ను నడిపే రెండు ఈఎల్84 పవర్ ట్యూబులు, గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే మూడు 12ఏఎక్స్7 ప్రీఆంప్ ట్యూబులు, 12 అంగుళాల స్పీకర్ ఉంటాయి. పైన ఆరు నాబులు, శబ్దాన్ని నిండుగా చేసే ఒక ఫ్యాట్ స్విచ్, అంతే. హెడ్‌ఫోన్ జాక్ లేదు, బయటి ఎఫెక్టులు కలిపే ఎఫెక్ట్స్ లూప్ లేదు. కానీ వాల్యూమ్ బాగా పెంచి వాయిస్తే ఇదంతా ఎవరికీ గుర్తుండదు. మెల్లగా మీటితే శుభ్రంగా పలుకుతుంది, గట్టిగా మీటితే గొంతు కాస్త బొంగురుపోతుంది. గిటార్ మీద వాల్యూమ్ తగ్గిస్తే మళ్లీ శుభ్రం. పెడల్ తొక్కే పనే ఉండదు.

నేను ఎక్కువగా వాయించేది కీర్తనలు, పాత సినిమా పాటలు. గమకం పలకాలంటే మీటిన స్వరం చివరిదాకా నిలబడాలి. కరుకుదనమేమీ లేని పూర్తి క్లీన్ టోన్‌లో తీగ నాదం మీటగానే ఎగిసి, వెంటనే పడిపోతుంది. తోడి రాగంలో గాంధారం ఊగుతూ ఉండగానే ఆరిపోతుంది. ట్యూబులు డిస్టార్షన్ (శబ్దం బొంగురుపోవడం) అంచుకు వచ్చినప్పుడు ఆ మొదటి ఎగుడును అవే నొక్కేసి, వెనకాల నాదాన్ని సాగదీస్తాయి. నాకు టోన్ అంటే ముఖ్యంగా ఇదే.

చిక్కేమిటంటే, ఆ అంచు చేరేసరికి వీధి చివరిదాకా వినిపిస్తుంది. 15 వాట్లంటే చిన్నదనుకోకండి. చెవికి మోత సగమైనట్టు అనిపించాలంటే పవర్ దాదాపు పదో వంతుకు తగ్గాలి. 50 వాట్లు సగం మోత కావాలంటే 5 వాట్లకు దిగాలన్నమాట. మొత్తం మోతను అదుపు చేసే మాస్టర్ నాబు తగ్గించి, ప్రీఆంప్‌ను తోసే వాల్యూమ్ నాబు పెంచితే ప్రీఆంప్ ట్యూబుల కరుకుదనం వస్తుంది, కానీ పవర్ ట్యూబులకీ స్పీకర్‌కీ పనే తగలదు. శబ్దం సన్నగా, బిగుసుకున్నట్టు ఉంటుంది.

కటానాలో ఒక నాబు తిప్పితే 50 వాట్ల నుంచి 25కి, అక్కడి నుంచి అర వాటుకు దిగొచ్చు. అర వాటులో కాస్త కరుకుగా పలికే క్రంచ్ పెట్టి, ఆ కరుకుదనాన్ని పెంచే గెయిన్ బాగా తగ్గించి, సిగ్నల్‌కు ఊపునిచ్చే బూస్టర్ కొద్దిగా కలిపితే మాటలాడుకునేంత మోతలోనే గాంధారం నిలబడుతుంది. తలుపు వేసుకున్న గదిలో, రాత్రి తొమ్మిది తర్వాత, కటానా టోనే మేలు. బ్లూస్ జూనియర్ అభిమానులు తిట్టుకున్నా సరే, నా చెవి చెప్పేది ఇదే. ఫీచర్ల పట్టికలో ఒక మూలన ఉండే ఆ నాబే ఇక్కడ టోన్ ఇస్తోంది.

మిగతా ఫీచర్ల మీద నాకంత మోజు లేదు. క్లీన్, క్రంచ్, లీడ్, బ్రౌన్, అకూస్టిక్ అని ఆంప్ శబ్దాలు అయిదు రకాలుంటే నేను వాడేది మొదటి రెండే. మెటల్ వాయించే కుర్రాళ్లకు బాగా కరుకైన బ్రౌన్ నచ్చుతుంది. లాప్‌టాప్‌లో కటానా సాఫ్ట్‌వేర్ టోన్ స్టూడియో తెరిస్తే ఎఫెక్టులు కుప్పలు కుప్పలు. వాటితో ఆడుకుంటూ కూర్చుంటే సాధన అటకెక్కుతుంది. యూఎస్‌బీ రికార్డింగ్ మాత్రం నిజంగా పనికొస్తుంది.

డ్రమ్స్ పక్కన వాయించేటప్పుడు లెక్క తారుమారు. వినాయక చవితి పందిట్లోనో కాలేజీ ఫంక్షన్‌లోనో వాల్యూమ్ పెంచొద్దనే వాళ్లుండరు, అక్కడ బ్లూస్ జూనియర్‌దే రాజ్యం. ఎదురుగా మైకు పెట్టడమే. కటానాకు లైన్ తీసి మిక్సర్‌కిద్దామంటే, రికార్డింగ్ అవుట్, హెడ్‌ఫోన్ రెండూ ఒకటే జాక్. అందులో వైరు పెడితే స్పీకర్ మూగబోతుంది. అందుకే దానికీ మైకే పెడతాను. ఎర్తింగ్ సరిగా లేని మండపంలో, సీరియల్ లైట్ల పక్కన, గిటార్‌కు సింగిల్ కాయిల్ పికప్ (తీగ కదలికను పట్టే ఒంటి చుట్ట) ఉంటే ఏ ఆంపైనా గుయ్‌మంటుంది.

ట్యూబ్ ఆంప్‌కు పోషణ ఎక్కువ. మే నెలలో చిన్న గదిలో పెడితే అదొక హీటరు. వోల్టేజి పడిపోతే మెత్తబడుతుంది, చవక ఇన్వర్టర్ మీద నడిపితే బుర్రుమంటుంది. ట్యూబులు అరుగుతాయి, మార్చాలి. నేను చెన్నై నుంచి తెప్పించుకుంటాను. ప్రీఆంప్ ట్యూబును పెన్సిల్‌తో మెల్లగా తట్టినప్పుడు స్పీకర్‌లో గంటలా ఖంగుమంటే దాని పని అయిపోయినట్టే. అంతకు మించి లోపల చెయ్యి పెట్టకండి. 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో కాసేపు నిలిచే ఉంటుంది.

ఒకటే ఉంచుకోమంటే కటానా ఉంచుకుంటాను, ఎందుకంటే నా వాయింపులో ఎక్కువ భాగం ఇంట్లోనే. నెలకోసారైనా డ్రమ్మర్‌తో వాయించేవాళ్లు, ధర రెండింతలు దాటినా ట్యూబ్ వైపే చూడండి. అమెరికాలో ఉన్న అన్నయ్యతో తెప్పించుకుందామనుకుంటే మాత్రం ఆగండి. అక్కడి మోడల్ 120 వోల్టులది, మన 230కి నేరుగా పెడితే కాలిపోతుంది. సరిపడా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. పైగా ఆంప్ సుమారు 14 కిలోలు, అన్నయ్య సూట్‌కేసులో ఇంక పిల్లల చాక్లెట్లకు చోటుండదు.